ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్తున్నారా? వాన లెక్క అడగండి

మీ మండలంలో సిమెంటు ఫ్యాక్టరీయో, గనో, విద్యుత్ కేంద్రమో, కొత్త రిజర్వాయరో వస్తుందంటే, పని మొదలయ్యే ముందు షామియానా వేసి ఒక సభ పెడతారు. దాన్నే ప్రజాభిప్రాయ సేకరణ అంటారు. ఆ సభల్లో రైతులు సాధారణంగా మూడు సంగతులు అడుగుతారు. ఎకరానికి ఎంతిస్తారు, మా పిల్లలకు ఉద్యోగాలిస్తారా, దుమ్ము పంట మీద పడితే ఎవరు జవాబుదారీ? అడగాల్సినవే. నాలుగోది ఒకటుంది, దాన్ని అడిగేవారు తక్కువ. "ఏ సంవత్సరాల వానను చూసి ఈ లెక్కలు కట్టారు?"

ప్రాజెక్టు ఒకసారి కడితే ముప్పై, నలభై ఏళ్లు ఉంటుంది. దాని కాలువలు, కట్టలు, బూడిద చెరువు, నీటి వాడకం, అన్నీ గడిచిన ఏళ్ల వానను బట్టి వేసిన అంచనాలే. వానేమో వెనకటిలా లేదు. ఆ మాట మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. లెక్క తప్పితే ముందు నష్టపోయేది ప్రాజెక్టుకు దిగువన, వాగు పక్కన రెండు మూడెకరాలున్న రైతు. అందుకే ఆ ప్రశ్న ఎలా అడగాలో, ఏం చూసుకుని వెళ్లాలో ఈ వ్యాసంలో రాస్తున్నాను. ప్రాజెక్టు కావాలా వద్దా అన్నది మీ ఊరు తేల్చుకోవాల్సిన సంగతి. కావాలనే వారికీ ఈ ప్రశ్న పనికొస్తుంది.

ఈఐఏ అంటే ఏమిటి?

ఒక ప్రాజెక్టు వల్ల నేలకు, నీటికి, గాలికి, పంటలకు, మనుషులకు ఏమవుతుందో ముందే అంచనా వేసి రాసే నివేదికే పర్యావరణ ప్రభావ అంచనా. వాడుకలో ఈఐఏ. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1994లో తొలి నోటిఫికేషన్ వచ్చింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2006 సెప్టెంబరు 14 నాటిది, తర్వాత చాలా సవరణలతో.

ప్రాజెక్టులను స్థాయిని బట్టి 'ఎ', 'బి' అని విడదీశారు. 'ఎ' రకానికి కేంద్ర పర్యావరణ శాఖ, 'బి' రకానికి రాష్ట్ర స్థాయి అథారిటీ అనుమతి ఇస్తాయి. 'బి'లో మళ్లీ బి1, బి2 ఉన్నాయి. బి2 అంటే ఈఐఏ నివేదికా ఉండదు, ప్రజాభిప్రాయ సేకరణా ఉండదు. మీ ఊరి పక్కన వచ్చేది ఏ రకమో ముందు తెలుసుకోండి, మిగతా పనంతా దాని మీదే ఆధారపడుతుంది.

నివేదిక రాయించేది, అందుకు డబ్బు కట్టేది కంపెనీయే. ఆ పని గుర్తింపు పొందిన కన్సల్టెంట్ సంస్థ చేస్తుంది. ఈ పద్ధతి మీద నాకూ అభ్యంతరం ఉంది. అయితే నియమం మారేదాకా ఉన్న నివేదికనే గట్టిగా చదవడం మన పని.

ఈ నివేదికల్లో వాతావరణ మార్పు ఎక్కడుంది?

ఐరోపా దేశాల కూటమి 2014లో తన చట్టాన్ని సవరించి, ప్రాజెక్టు వల్ల వాతావరణానికి ఏమవుతుందో, మారే వాతావరణం వల్ల ప్రాజెక్టుకు ఏ ముప్పు వస్తుందో రెండూ రాయాలని స్పష్టంగా పెట్టింది. మన 2006 నోటిఫికేషన్‌లో అంత తేటగా లేదు. అలాగని అడగడానికి ఆధారమే లేదనుకోవద్దు. ఆ నోటిఫికేషన్‌తో ఇచ్చిన ఫారం-1లో రెండు ప్రశ్నలున్నాయి. వరదలు, కుంభవృష్టి, భూకంపాల వంటి ప్రకృతి వైపరీత్యాల వల్ల ఈ ప్రాజెక్టు దెబ్బతిని పర్యావరణానికి హాని జరగవచ్చా అన్నది ఒకటి. ఎంచుకున్న చోటు వరదకో, నేల కోతకో, తీవ్రమైన వాతావరణ పరిస్థితులకో గురయ్యేదా అన్నది రెండోది. కంపెనీ వీటికి జవాబు రాసి తీరాలి. నేను చూసిన కొన్నింటిలో జవాబు "లేదు" అనే ఒక్క మాటే. వాగు ఒడ్డున కట్టేదానికి కూడా అదే మాట.

కోర్టుల్లోనూ ఈ విషయం నడుస్తోంది. 2019 జనవరిలో రిధిమా పాండే కేసులో జాతీయ హరిత ట్రిబ్యునల్, పర్యావరణ అనుమతులిచ్చేటప్పుడు పారిస్ ఒప్పందం వంటి వాటిని ప్రభుత్వం లెక్కలోకి తీసుకోవడం లేదని అనుకోవడానికి కారణం లేదంటూ పిటిషన్‌ను ముగించింది. 2024 మార్చి 21న బట్టమేక పిట్టల కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. (మన నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యం పేరు తెచ్చుకున్నది ఈ పిట్టతోనే, కేసు మాత్రం రాజస్థాన్, గుజరాత్ గడ్డి మైదానాలది.) వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల కింద పౌరుల హక్కు అని చెప్పింది. అర్జీలో ఈ ఒక్క వాక్యం రాసినా బరువు ఉంటుంది.

కంపెనీ వారు 'క్లైమేట్' అనగానే చెట్లు నాటుతామనీ, పొగ తగ్గిస్తామనీ చెబుతారు. అదీ అవసరమే. ప్రాజెక్టు ఎంత కర్బనం వదులుతుందన్నది లోకానికంతటికీ సంబంధించినది. కానీ మీ పొలానికి దగ్గరి సంగతులు వేరే ఉన్నాయి. పెద్ద వాన వచ్చినా, వరుసగా రెండేళ్లు వాన రాకపోయినా ఆ ప్రాజెక్టు ఏమవుతుంది? అది వచ్చాక మీ ఊరికి ఆ వానను, ఆ కరువును తట్టుకునే శక్తి తగ్గుతుందా? మీరు పట్టుబట్టాల్సింది వీటి మీద.

సగటు వానతో వచ్చే చిక్కు

ఈఐఏ నివేదికలో "ఈ ప్రాంత సగటు వార్షిక వర్షపాతం ఇన్ని మిల్లీమీటర్లు" అని ఒక అంకె ఉంటుంది. మా శాఖలో కూడా 'నార్మల్' అనే మాట రోజూ వాడతాం. ఏడాది చివర చూస్తే నార్మల్ వాన పడినట్టే ఉంటుంది, మీ కంది మాత్రం పూతలో ఎండిపోయి ఉంటుంది. లేదా వరి కోతకొచ్చాక మూడు రోజుల్లో ఆ వానంతా కురిసి ఉంటుంది. సగటు పంటను ఎలా మోసం చేస్తుందో మీకు తెలుసు. కట్టనూ కాలువనూ కూడా అలాగే మోసం చేస్తుంది.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. ఆ తేమ ఒక్కసారిగా దిగితే కుండపోతే. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అనంతపురానికి ఏడాది మొత్తం మీద పడే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అంటే అక్కడ ఏడాదంతా పడేదానికన్నా ఎక్కువ ఇక్కడ ఒక రోజులో పడింది. ములుగు ప్రాంతంలో ఏదైనా ప్రాజెక్టుకు 2020కి ముందటి లెక్కలతో కాలువలు గీసి ఉంటే, అందులో ఈ రోజు లేదు.

లెక్క తప్పితే ఏమవుతుందో రాజంపేట వైపు రైతులకు చూపనక్కర్లేదు. చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు స్పిల్‌వే సుమారు 2.2 లక్షల క్యూసెక్కుల వరదను వదలగలిగేలా కట్టినది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున అంతకు మించి, 3 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. పైన పింఛా ప్రాజెక్టు కట్ట అప్పటికే తెగింది. అన్నమయ్య మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట వంటి ఊళ్ల మీద నీళ్లు పడ్డాయి, ప్రాణాలు పోయాయి. పొలాల్లో ఇసుక మేట వేసింది. గేట్ల నిర్వహణ గురించి అప్పట్లో చాలా విమర్శలు వచ్చాయి, ఆ చర్చ వేరు. డిజైన్ అంకెను మించి వరద వచ్చిందన్నది మాత్రం నిజం.

అంకెలు మారవనుకోవద్దు. పోలవరం స్పిల్‌వేకు మొదట అనుకున్నది 36 లక్షల క్యూసెక్కులు, తర్వాత దాన్ని 50 లక్షలకు పెంచి కట్టారు. మళ్లీ లెక్క కట్టమని అడిగితే కట్టగలరు. అడిగేవారు ఉండాలి.

ఇంకొక మాట తరచూ వింటారు. "ఇది నూరేళ్లకొకసారి వచ్చే వరదకు తట్టుకుంటుంది." దీన్ని నూరేళ్లకు ఒక్కసారే వస్తుందని అర్థం చేసుకోవద్దు. ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశం ఉందని దాని అర్థం. ప్రాజెక్టు ముప్పై ఏళ్లుంటే, ఆ ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా అలాంటి వరద వచ్చే అవకాశం సుమారు 26 శాతం. నాలుగింట ఒకటి అన్నమాట. అది కూడా వాతావరణం మారకుండా ఉంటేనే.

వానాకాలం చూడని సర్వే

ఇది ముఖ్యం, నిదానంగా చదవండి. చాలా రకాల ప్రాజెక్టులకు నేల, నీరు, గాలి పరిస్థితుల మీద బేస్‌లైన్ వివరాలు ఒక్క సీజనులోనే సేకరిస్తారు. ఆ సీజను వానాకాలం కాకుండా ఉండాలన్నది వాడుకలో ఉన్న పద్ధతి. గాలిలో దుమ్ము కొలవడానికి ఎండాకాలం సరైనదే. కానీ డిసెంబరు నుంచి మే లోపు వచ్చిన సర్వేయరుకు మీ వంక ఎండిపోయి, తుమ్మ చెట్లతో, బండ్ల బాటలా కనిపిస్తుంది. మ్యాపులో దాన్ని వదిలేసినా, సన్నటి గీత గీసినా ఆశ్చర్యం లేదు. ఆగస్టులో అదే వంక మీద ఎంత నీరు వెళ్తుందో, ఏ చెరువు అలుగు పారి ఏ చెరువులోకి దిగుతుందో ఆయన చూడలేదు. చూసింది మీరు.

కాబట్టి నివేదికలో సర్వే చేసిన నెలలు చూడండి. తర్వాత ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్ల పరిధి మ్యాపు చూడండి, ఎక్కువ ప్రాజెక్టులకు అధ్యయన ప్రాంతం అదే. మీ వాగులు, కుంటలు, గొలుసుకట్టు చెరువులు అందులో పేర్లతో ఉన్నాయా? లేనివాటి జాబితా రాసుకోండి.

సోంపేట బీల చెప్పే సంగతి

శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర బీల అనే చిత్తడి నేల ఉంది. వానాకాలంలో నీటిని పట్టి ఉంచి, తర్వాత మెల్లగా వదిలే నేల అది. దాని మీద ఆధారపడి వరి పండేది, చేపలు పట్టుకునేవారు, పశువులు మేసేవి. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రానికి పర్యావరణ అనుమతి వచ్చింది. కాగితాల్లో ఆ నేలను పనికిరాని బంజరుగా చూపారు. 2010 జులై 14న అక్కడ ఆందోళన మీద పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. అదే రోజు అప్పటి జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ఆ నేల ఎలాంటిదన్న విషయమే ఆ తీర్పులో కీలకం.

ఒక ఊరు వరదనూ కరువునూ తట్టుకునేది ఇలాంటి చోట్ల వల్లనే. రెవెన్యూ రికార్డులో పోరంబోకు, బంజరు, బంచరాయి అని ఉంటుంది. చూడటానికి ఖాళీ నేల. వరద వచ్చినప్పుడు నీళ్లు నిలిచేది అక్కడే, కరువులో పశువులు బతికేది అక్కడే, చుట్టుపక్కల బోర్లకు ఊట దిగేది అక్కడి నుంచే. దాన్ని చదును చేసి గోడ కడితే వాన తగ్గదు, వాన నిలిచే చోటు తగ్గుతుంది.

ఎంత తగ్గుతుందో మీరే లెక్క కట్టవచ్చు. ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 40 వేల లీటర్లు. పది సెంటీమీటర్లకు 4 లక్షల లీటర్లు. నూరెకరాల స్థలాన్ని కాంక్రీటు, రేకుల షెడ్లు, రోడ్లతో కప్పేస్తే, పది సెంటీమీటర్ల వానకు దాని మీద పడేది సుమారు 4 కోట్ల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 8 వేలు. ఇదివరకు ఇందులో కొంత భూమిలో ఇంకేది, ఇప్పుడు దాదాపు అంతా గోడ బయటికి రావాలి. ఏ కాలువలోంచి, ఎవరి పొలం మీదుగా, ఏ వాగులోకి? సభలో ఈ అంకెతో లేచి నిలబడితే కన్సల్టెంట్ కాగితాలు తిరగేస్తాడు.

రోడ్డు ప్రాజెక్టులకూ ఇదే వర్తిస్తుంది. ఎత్తుగా కట్టిన రోడ్డు కిందనుండే తూములు చాలకపోతే, ఎగువ పొలాల్లో నీళ్లు నిలిచి వరి కుళ్లుతుంది. తూముల సంఖ్య, వెడల్పు నివేదికలో ఉంటాయి.

కరువు ఏడాది నీళ్లెవరివి?

నీటి వాడకం అధ్యాయంలో "నీటి లభ్యత ఉంది" అని రాసి, ఫలానా నది నుంచో, కాలువ నుంచో ఇంత కేటాయింపు అని చూపుతారు. మన దగ్గర ఎక్కువ లెక్కలు 75 శాతం నమ్మకం మీద నడుస్తాయి. కృష్ణా జలాల్లో బచావత్ ట్రిబ్యునల్ చెప్పిన 2060 టీఎంసీలు కూడా ఆ పద్ధతిలో కట్టినవే, 1894-95 నుంచి 1971-72 వరకు 78 ఏళ్ల ప్రవాహాల ఆధారంగా. 75 శాతం నమ్మకం అంటే నాలుగేళ్లలో మూడేళ్లు ఆ నీళ్లుంటాయని. నాలుగో ఏడు? ఫ్యాక్టరీ ఆగదు, బాయిలరు ఆగదు. ఆగేది చివరి ఆయకట్టు.

అందుచేత "కరువు సంవత్సరంలో మీ నీటి ప్రణాళిక ఏమిటి, తాగునీటికి, సాగునీటికి ముందు ఇచ్చాకే మీరు తీసుకుంటారని షరతు రాసివ్వగలరా" అని అడగండి. భూగర్భ జలం తోడేదైతే, మీ ఊరి బోర్ల లోతు ఎంత నుంచి ఎంతకు పోయిందో చెప్పి అడగండి. గనుల్లో తవ్వకం భూగర్భ జలమట్టం కిందికి వెళ్తుందా అన్నది కూడా ఈ అధ్యాయంలోనే తేలాలి.

సభకు ముందు చేయాల్సినవి

సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒక జాతీయ దినపత్రికలో, ఒక తెలుగు దినపత్రికలో ప్రకటన రావాలి. పత్రికలు అందని చోట్ల దండోరా వేయించాలని కూడా నియమం ఉంది. ముసాయిదా ఈఐఏ నివేదికను, ఇంగ్లీషుతో పాటు తెలుగులో ఉన్న సారాంశాన్ని కలెక్టరు కార్యాలయం, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం, సంబంధిత స్థానిక సంస్థల దగ్గర ఉంచాలి. వెళ్లి అడగండి. "సాయంత్రం రండి" అంటే సాయంత్రం మళ్లీ వెళ్లండి. సారాంశంతో సరిపెట్టుకోవద్దు, అసలు సంగతులు పెద్ద నివేదికలో ఉంటాయి. ఊళ్లో ఇంజనీరింగో డిగ్రీయో చదువుతున్న పిల్లలుంటే నీళ్లు, వాతావరణం, ప్రమాదాల అధ్యాయాలు చదివి చెప్పమనండి. అంతా చదవక్కర్లేదు.

మీ వైపు నుంచి సాక్ష్యం సిద్ధం చేసుకోండి. మండలం వర్షపాతం రికార్డు తహసీల్దారు కార్యాలయంలోనో, మండల గణాంక అధికారి దగ్గరో దొరుకుతుంది. కనీసం పదిహేనేళ్లవి తీసుకుని, ఒక్క రోజులో పడిన అతి పెద్ద వానలు మాత్రం విడిగా రాయండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రాల్లో దరఖాస్తు రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి కనుక నోటీసు చూశాక కాదు, ప్రాజెక్టు మాట వినిపించగానే పెట్టండి. జిల్లాలో వరద, కరువు, వడగాలి ముప్పు గురించి హైదరాబాదులోని క్రీడా సంస్థ తయారు చేయించిన జిల్లా వ్యవసాయ ప్రత్యామ్నాయ ప్రణాళికల్లో ఉంటుంది. అది ప్రభుత్వ కాగితమే కాబట్టి సభలో కాదనలేరు. రైతు సేవా కేంద్రంలోనో, రైతు వేదికలోనో మా విస్తరణాధికారిని అడిగితే తీసి ఇస్తారు.

వీటికి తోడు ఊరి జ్ఞాపకం. ఏ ఏడాది వరద బడి గోడకు ఎంత ఎత్తు వచ్చింది, ఏ సర్వే నంబర్లలో ఇసుక మేట వేసింది, ఏ ఏడాది ఏ బోర్లు ఎండాయి? పెద్దవాళ్లను కూర్చోబెట్టి తేదీలతో రాయించండి. వాగు పారుతున్నప్పటి ఫోన్ ఫోటోలు ఎవరి దగ్గరైనా ఉంటాయి, వెతకండి. పంట నష్టం జాబితాలు కూడా పనికొస్తాయి.

సభలో

సభకు హాజరైన ఎవరైనా మాట్లాడవచ్చు. కోరం లేదు. ఇది ఓటింగు కాదు. చేతులెత్తి వద్దన్నా, జై కొట్టి కావాలన్నా దాన్ని బట్టే అనుమతి తేలదు. అయితే అక్కడ లేవనెత్తిన ప్రతి అంశాన్నీ రాయాలి, దానికి కంపెనీ జవాబు చెప్పి తుది నివేదికలో చేర్చాలి. అందువల్ల నినాదం కన్నా అంకెతో కూడిన ప్రశ్న ఎక్కువ దూరం వెళ్తుంది. నినాదానికి "గమనించాం" అని రాస్తారు, ప్రశ్నకు జవాబు రాయక తప్పదు.

చెప్పినదాన్ని కాగితం మీద కూడా ఇవ్వండి. సభకు రాలేనివారు కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా పంపవచ్చు. నమూనా కింద ఇస్తున్నాను, మీ వివరాలతో మార్చుకోండి.

"జిల్లా కలెక్టరు గారికి, కాలుష్య నియంత్రణ మండలి వారికి, ...... గ్రామ రైతులు సమర్పించుకునే అర్జీ. ...... ప్రాజెక్టు ముసాయిదా ఈఐఏ నివేదిక ...... పేజీలో సగటు వర్షపాతం మాత్రమే ఇచ్చారు. మా మండలంలో ...... తేదీన ఒక్క రోజులో ...... మిల్లీమీటర్ల వాన పడింది (రికార్డు జతపరిచాం). మురుగు కాలువలు, కట్టలు ఏ సంవత్సరాల వర్షపాతంతో, గరిష్ఠంగా రోజుకు ఎంత వానకు డిజైన్ చేశారో తెలపాలి. పెరుగుతున్న కుండపోత వానలను లెక్కలోకి తీసుకుని మళ్లీ అంచనా వేయాలి. మ్యాపులో లేని మా ......, ...... వాగులను చేర్చాలి. వరుసగా రెండేళ్లు కరువు వస్తే నీటి ప్రణాళిక ఏమిటో, కట్ట తెగితే హెచ్చరించే ఏర్పాటు, నష్టపరిహారం ఎవరి బాధ్యతో తెలపాలి. మా అభ్యంతరాలను, వాటికి ఇచ్చే జవాబులను సభా కార్యక్రమ వివరాల్లో చేర్చాలి."

రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. సభ మొత్తం వీడియో తీస్తారు. చివర్లో కార్యక్రమ వివరాలను తెలుగులో చదివి వినిపించాలి. అప్పటికి సగం మంది భోజనాలకు వెళ్లిపోయి ఉంటారు. నలుగురైనా ఉండి వినండి, మీ ప్రశ్న అందులో లేకపోతే అక్కడే చెప్పి రాయించండి.

సభ జరగని చోట

చిన్న రైతులకు ఎక్కువగా ఎదురయ్యేవి పెద్ద ప్రాజెక్టులు కావు. కంకర క్వారీలు, ఇసుక తవ్వకాలు, సోలార్ ప్లాంట్లు. వీటిలో చాలా వాటికి సభ ఉండదు.

5 హెక్టార్ల లోపు చిన్న ఖనిజాల లీజులకు కూడా పర్యావరణ అనుమతి కావాలని 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్కొక్క లీజును చిన్నగా చూపితే బి2లో పడి సభ తప్పిపోతుంది. కానీ ఒకదానికొకటి 500 మీటర్ల లోపున్న లీజులను కలిపి క్లస్టరుగా చూడాలి. కలిపి 5 హెక్టార్లు దాటితే ఈఐఏ, ప్రజాభిప్రాయ సేకరణ అవసరం. మీ గుట్ట చుట్టూ ఎన్ని లీజులున్నాయో గనుల శాఖ నుంచి తెలుసుకోండి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న ఖనిజాల లీజుకు ముందే గ్రామ సభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు కావాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. ఇసుక తవ్వకంతో బోర్లు దెబ్బతింటే వాల్టా చట్టం కింద మండల స్థాయిలో ఫిర్యాదు చేయవచ్చు.

సోలార్ ప్లాంట్లను ఈ నోటిఫికేషన్ నుంచి మినహాయించారు. కర్బనం తగ్గించే పని కాబట్టి మంచిదే. అయినా వందల ఎకరాలు చదును చేసేటప్పుడు వంకలు పూడిపోతే దిగువ రైతుకు ఫ్యాక్టరీ అయినా సోలార్ అయినా ఒకటే. అందులో మీ భూమి కౌలుకు ఇస్తుంటే ఒప్పందంలోనే "సహజ వంకలు, కాలువలు పూడ్చరాదు, పూడిస్తే సొంత ఖర్చుతో తెరవాలి" అని రాయించండి. గ్రామ సభలో అదే తీర్మానం పెట్టి, వాగులు, కుంటల సర్వే నంబర్లతో సహా పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్పించండి. రెండు రాష్ట్రాలకూ వాతావరణ మార్పుపై కార్యాచరణ ప్రణాళికలు ఉన్నాయి. కానీ మీ కుంట పేరు వాటిలో ఉండదు, పంచాయతీ ప్రణాళికలో మాత్రమే ఉండగలదు.

అనుమతి వచ్చాక

అనుమతి పత్రం, దాని షరతులు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ వెబ్‌సైటులో పెడతారు. ఒక ప్రతి పంచాయతీకి కూడా రావాలి, అందరికీ కనిపించేలా ఉంచాలి. అందులో వాన నీటి కాలువల గురించి, నీటి వాడకం గురించి ఏ షరతు పెట్టారో చూసి, మీ అర్జీతో పోల్చండి. షరతుల అమలు మీద కంపెనీ ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి, అదీ బహిరంగ పత్రమే. తొలి వానాకాలం ముందు, అంటే మే నెలలో, కాలువలు నిజంగా తవ్వారా, పూడిక తీశారా అన్నది ఫోటోలతో సరిచూసి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాయండి.

మీ ప్రశ్నలకు జవాబే లేకుండా అనుమతి ఇచ్చారనుకుంటే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలు చేసుకోవచ్చు. మన రెండు రాష్ట్రాలకూ చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం. గడువు 30 రోజులు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు అనుమతించవచ్చు, ఆ తర్వాత తీసుకోరు. కాబట్టి అనుమతి ప్రకటన పత్రికలో పడిన రోజే ఆ కాగితం ముక్క కత్తిరించి, తేదీ రాసి, ముద్ర వేయించుకున్న మీ అర్జీ ప్రతితో కలిపి దాచిపెట్టండి.